చెప్పినదొకటి, అమ్మినదొకటి

కోదాడకు చేరువనున్న చిలుకూరు వంటి గ్రామములలో కారు కొనుట నేడు గొప్పింటి వారికి మాత్రమే పరిమితమైన సంగతి కాదు. వరిపంట సొమ్ము చేతికందిన పిమ్మట, ఆసుపత్రికో పెండ్లికో పోయివచ్చుటకు ఒక పాతకారు ఉన్న బాగుండునని తలచు కుటుంబములు పెక్కు గలవు. "ఒకే యజమాని, ముప్పదివేల కిలోమీటర్లు, ప్రమాదమెరుగని బండి" అని అమ్మువాడు చెప్పును. అందులో ఒక్క మాట అబద్ధమైనను ఏండ్ల తరబడి కూడబెట్టినది నీళ్లపాలగును. అట్టి యెడ చట్టము కొనువానికి చేయు సాయమెట్టిదో ఇచట వివరింతుము.

కొనువాడే చూచి కొనవలెనన్నది ప్రాచీన వర్తక న్యాయము. చట్టము దానిని తీసివేయలేదు గాని హద్దు పెట్టినది. వర్ణించి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెనని 1930 నాటి వస్తు విక్రయ చట్టము 15వ సెక్షను విధించుచున్నది.

"స్వయముగా చూచి కొంటిని గదా, ఇక నోరెత్తుట ఎట్లు?" అని కొందరు సందేహింతురు. ఇంగ్లండులో 1967లో ఇట్టి వ్యాజ్యమే వచ్చినది. 1961 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ అని ప్రకటించిన కారును ఒకరు చూచియే కొనిరి. తీరా చూడగా వెనుక సగము మాత్రమే ఆ యేటిది, ముందు సగము అంతకు పూర్వపు బండిది, రెంటిని అతికించినారు. అమ్మినవానికి ఆ సంగతి తెలియదు. అయినను ఇది వర్ణనను బట్టి జరిగిన విక్రయమేయని అప్పీలు న్యాయస్థానము కొన్నవాని పక్షమున తీర్పు చెప్పినది. మన చట్టము ఆ దేశపు 1893 నాటి చట్టమును అనుసరించి వ్రాయబడినదే.

ఇక అమ్మినది ఎవరన్నది ముఖ్యము. పాతకార్ల వర్తకుడైనచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వర్తించును. కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల లోపు వెలకు రుసుము లేదు, గడువు రెండేండ్లు. కమిషను లోపమును సవరింపుమనవచ్చును, వెల తిరిగి ఇమ్మనవచ్చును, నష్టపరిహారమును విధింపవచ్చును. తిరిగి అమ్ముటకు కొన్నవానికి ఈ రక్షణ లేదు. స్వయముగా నడుపుకొని జీవించుటకై టాక్సీ కొన్నవానికి గలదు.

వర్తకుడు గాక పొరుగువాడో బంధువో అమ్మినచో దారి వేరు. అప్పుడు సివిలు కోర్టే శరణ్యము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మోసముచేత కుదిరిన ఒప్పందమును కొన్నవాడు రద్దు చేసికొనవచ్చును.

హక్కున్నంత మాత్రమున చాలదు, రుజువు కావలెను. ప్రకటనను, ఫోనులోని సందేశములను భద్రపరుపవలెను. రసీదులో మీటరు అంకెను, "ప్రమాదము జరుగలేదు" అన్న మాటను వ్రాయించుకొనవలెను. లోపము కనబడగానే మరమ్మతు చేయింపక, మెకానిక్కుచే వ్రాతపూర్వకముగా అభిప్రాయము తీసికొని, రిజిస్టరు నోటీసు పంపవలెను. లోపమెరిగియు నెలల తరబడి బండి నడిపినచో దానిని అంగీకరించినట్లే లెక్క. బండిని తిప్పి పంపు హక్కు పోయి నష్టపరిహారము కోరు హక్కు మాత్రమే మిగులును.

సొమ్ము చెల్లించుటకు ముందే ఆర్.సి.లోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండిపై నున్నవానితో సరిచూడవలెను. ఫైనాన్సు అప్పు తీరినదా, బీమా క్లెయిములున్నవా యని విచారింపవలెను. కోదాడ ప్రాంతము వారు ఇంకొక సంగతి గమనింపవలెను. జగ్గయ్యపేట వైపు నుండి వచ్చు బండి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను గలదైనచో, అచటి అధికారి యిచ్చు నిరభ్యంతర పత్రము లేనిదే ఇచట పేరు మారదు. 2023 ఏప్రిల్ 1 నుండి పాతబండ్ల వర్తకులకు రవాణా శాఖ అధికార పత్రము విధింపబడినది. దానిని చూపుమని అడుగుటకు మొగమాటపడరాదు.

అమ్మువారికిని ఒక మాట. కాగితములపై పేరు మార్పించనంత వరకు ప్రమాదమున బాధ్యత రిజిస్టరైన యజమానిదేయని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున పేరు మార్పు ఇరువురికిని క్షేమము. ఈ విషయములలో సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవచ్చును.