యంత్రము లెక్కించిన మత్తూరు

పైథాను భాషలో తొలిపాఠములు ముగిసిన పిదప నేర్వవలసినదేమి? మన ఊరి పేరుతోనే చెప్పెదము.

గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన ఈ భాష, 2008 నాటి మూడవ రూపమునుండి తెలుగు లిపిని నేరుగా గ్రహించుచున్నది. ‘మత్తూరు’ అను మాట పొడవెంతయని లెన్ అను ఆజ్ఞతో అడిగినచో యంత్రము 7 అనును. మనము చదువునవి 3 అక్షరములే గదా! యంత్రము పొరబడలేదు. మ, త, పొల్లు, త, ఊకారపు గుర్తు, ర, ఉకారపు గుర్తు: ఇట్లు విడదీసి లెక్కించినది. గుణింతము, ద్విత్వము ఎఱిగిన బాలబాలికలకు ఇది వెంటనే బోధపడును.

యంత్రముచేత 3 అనిపించుటయే రెండవ మెట్టు. గుర్తులను వరుసగా పరిశీలింపవలెను. గుణింతపు గుర్తును, సున్నను, పొల్లును, పొల్లు వెంట వచ్చు హల్లును ముందరి అక్షరమునకు చేర్చవలెను. తక్కినవానిని క్రొత్త అక్షరములుగా ఎంచవలెను. ఈ నియమమును ఒక ఫంక్షనుగా వ్రాసికొన్నచో ఇతర నామములకును ఉపకరించును. అటుపై పద్యపాదమున గురులఘువులను గుర్తింపజేయ యత్నింపవచ్చును.

ఆజ్ఞాపదములు ఆంగ్లములో నున్నవి, అవి నేర్వవలసినవే. కాని తెలుగున చదివిన పిల్లలకు ఈ విద్య అబ్బదని తల్లిదండ్రులు శంకింపవలదు. పై నియమమును మన పిల్లలు రెండవ తరగతిలోనే పలకపై నేర్చియున్నారు.