సైకిల్ మోటారు ఆగిందా? మార్చే ముందు వైర్లు చూడండి

నారాయణఖేడ్: వానలు పడ్డ వారానికే ఆ రైతు కరెంటు సైకిల్ మొండికేసింది. రేజ్ ఇస్తే వెనక చక్రం అటూ ఇటూ వణుకుతుందే గాని ముందుకు కదలదు. "మోటారు కాలింది, కొత్తది వెయ్యాలె" అని ఓ మెకానిక్ తేల్చేశాడు. పత్తికి మందు బస్తాలు కొనాల్సిన అదునులో ఆ పైసలు ఎక్కడివి? రైతు సైకిల్‌ను ఊళ్లో బోరు మోటార్లు చుట్టే మిస్త్రీ దగ్గరకు నడిపించుకుపోయాడు. మిస్త్రీ చక్రం దగ్గర వాసన చూశాడు. "కాలితే వాసనొస్తది పటేలా, దీనికి లేదు" అన్నాడు. ఇరుసు పక్కన ప్లగ్గు ఊడదీస్తే లోపల నీరు, ఒక పిన్నుకు చిలుము. గీకి, ఆరబెట్టి పెట్టగానే చక్రం తిరిగింది.

250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించని సైకిళ్లకు లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర లేదు. అందుకే చేను దూరమున్న రైతులకు ఇవి అక్కరకొస్తాయి. ఆగినప్పుడు ఎక్కడ చూడాలో తెలిస్తే చాలా ఖర్చు తప్పుతుంది.

బోరు మోటారు లెక్కనే

బోరు మోటారుకు మల్లే దీనికీ మూడు లావు వైర్లుంటాయి. ఒక ఫేజు పోతే బోరు మోటారు గుయ్‌మంటుంది, ఇది వణుకుతుంది. ఇందులో చుట్ట ఇరుసుకు బిగించి ఉంటుంది, అయస్కాంతాలు చక్రంతో తిరుగుతాయి. అవి ఎక్కడున్నాయో కంట్రోలర్ పెట్టెకు చెప్పేవి మూడు హాల్ సెన్సార్లు. వీటికి అయిదు సన్న వైర్లు. వీటిలో ఒక్కటి తెగినా ఇదే వణుకు.

వరుసగా చూడండి

చక్రం నేలకు తగలకుండా సైకిల్ ఎత్తి నిలపాలి. ముందుగా బ్యాటరీ. 36 వోల్టులది నిండా చార్జి అయితే మీటరులో 42 దాకా చూపాలి. ఊరికే ఉంటే బాగా చూపి, బరువు పడగానే దిగిపోతే సెల్లులు పాతబడ్డాయి, లేదా జాయింటు వదులైంది. బ్యాటరీని మాత్రం ఇంట్లో విప్పరాదు, మంట లేస్తుంది.

తర్వాత బ్రేకు. బ్రేకు పట్టగానే మోటారును ఆపే చిన్న స్విచ్చు పిడిలో ఉంటుంది. అది ఇరుక్కుంటే మోటారు అసలే తిరగదు. దాని ప్లగ్గు తీసి రేజ్ ఇచ్చి చూడండి. అప్పుడు తిరిగితే లోపం స్విచ్చుదే. పరీక్ష అయ్యాక ప్లగ్గు పెట్టడం మరవొద్దు.

వణుకుతుంటే చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో సెన్సార్ వైరుకు మీటరు పెట్టాలి. సున్నా నుంచి 5 వోల్టుల దగ్గరకు, మళ్లీ సున్నాకు మారుతుండాలి. మారకుండా ఒకచోటే ఆగిందంటే, ముందు ఆ వైరు, దాని పిన్ను చూడాలి. అవి బాగుంటేనే సెన్సార్ సంగతి.

చక్రం చేత్తో తిప్పినా గట్టిగా ఉంటే బ్యాటరీ తీసేసి, మూడు లావు వైర్లు విడదీయండి. చివరలు ఒకదానికొకటి తగలొద్దు. చక్రం తేలికైతే కంట్రోలర్ పోయినట్టు. అప్పటికీ గట్టిగానే ఉంటే చుట్టలో గాని, ఇరుసు దగ్గర వైర్లు ఒకటికొకటి అంటుకుని గాని ఉంటాయి. కొన్ని మోటార్లలో పళ్ల చక్రాలుంటాయి. మోటారు గిర్రున తిరిగే చప్పుడొచ్చి, చక్రం కదలకుంటే ఆ పళ్లు అరిగినట్టే.

రాకుండా జాగ్రత్త

ఇరుసు నట్లు వదులైతే ఇరుసే తిరిగి వైర్లను తెంపేస్తుంది. నెలకోసారి పానా పెట్టి బిగించాలి, తిరగకుండా ఆపే వాషరు తప్పక ఉండాలి. వైరు ఇరుసులోకి పోయే ముందు కిందికి వేలాడేటట్టు కట్టాలి. అప్పుడు వాన నీరు లోపలికి పోకుండా కిందనే కారిపోతుంది. బోరు పైపు పెట్టి మోటారును కడగడం మానాలి.

ఇవన్నీ చూశాకనే కొత్త మోటారు మాట. మార్చాల్సిందేనని మెకానిక్ అంటే, ఏ వైరుకు మీటరు పెట్టి చూశావని రైతు అడగాలి.