నిత్యవసంతం మన ముంగిట

ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దీనిని 'సదాబహార్' అంటారు, నిత్యవసంతమని అర్థం. తెలుగువారికి ఇది బిళ్ళగన్నేరు. అయిదు రేకుల తెలుపు, గులాబీ పూలతో మన పెరళ్ళలో ఎంతగా కలిసిపోయిందంటే, దీని పుట్టిల్లు దూరాన ఉన్న మడగాస్కర్ దీవి అన్న సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి నాటితే కొన్నేళ్ళు బతుకుతుంది. పొట్టి రకాలకు చిన్న కుండీ, ఎండ తగిలే అరుగు చాలు.

మేము మా మదరసా ప్రాంగణంలో పన్నెండు కుండీలు పెట్టాము. వుజూ నీరు వృథా కారాదని విద్యార్థులకు చెప్పాము. వారు శ్రద్ధగా అయిదు పూటలా ఆ నీటిని కుండీలలో పోశారు. కొద్ది వారాలకే ఆకులు పసుపెక్కి, కాండం మొదలు నల్లబడి, తొమ్మిది మొక్కలు చనిపోయాయి. పొరపాటు పిల్లలది కాదు, మాది. వృథా చేయవద్దన్నాము గాని, మొక్కకు ఎంత కావాలో నేర్పలేదు. బిళ్ళగన్నేరు దాహాన్ని ఓర్చుకుంటుంది. నిలిచిన నీటిని ఓర్వలేదు.

కనుక రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. సన్నని నల్లని విత్తనాలు చీకటిలో బాగా మొలుస్తాయి గనుక పైన పలుచగా మట్టి కప్పాలి. వారం, పది రోజులలో మొలకలు కనిపిస్తాయి. వేలు గుచ్చి చూసి, అంగుళం లోతు పొడిగా ఉంటేనే నీరు పోయాలి. కొనలు తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. చక్కెర వ్యాధికి మందని ఈ ఆకులు నమిలేవారు మనలో ఉన్నారు. 1950వ దశకంలో కెనడా శాస్త్రజ్ఞులు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ నమ్మకాన్నే పరీక్షించారు. ఎలుకలలో చక్కెర తగ్గలేదు. తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ పరిశోధన నుండే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు వెలువడింది. ఇదే మొక్క నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్ నేటికీ పిల్లల రక్త క్యాన్సరుకు వాడుతున్నారు. వైద్యులు శరీరపు కొలత చూసి అతి స్వల్ప మోతాదులో ఇచ్చే మందు అది. అటువంటి ఆకును పెరట్లో తెంపి నమలడం ప్రాణాలతో చెలగాటమే. పసిపిల్లలకు, మేకలకు అందని చోట కుండీలు ఉంచండి.

మిగిలిన మూడు మొక్కల విత్తనాలతో మళ్ళీ పన్నెండు కుండీలు నింపాము. వుజూ నీరు ఇప్పుడు అరటి పాదులకు పారుతున్నది. మా విద్యార్థులు చెంబు ఎత్తే ముందు మట్టిలో వేలు గుచ్చి చూస్తున్నారు.