ఆరోగ్య శాస్త్రాల పిహెచ్‌డి: రెండు అనుమతుల నడుమ

ఎండి, ఎంఎస్, డిఎం వంటి పట్టాలు రోగికి చికిత్స చేసే నైపుణ్యానికి గుర్తింపు కాగా, పిహెచ్‌డి ఒక కొత్త విషయాన్ని రుజువులతో నిలబెట్టగల సామర్థ్యానికి గుర్తింపు. అందువల్ల మొదటివి జాతీయ వైద్య కమిషన్ పరిధిలోకి, రెండవది విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అంటే యుజిసి నియమాల పరిధిలోకి వస్తాయి. వైద్యులే కాక నర్సింగ్, ఫార్మసీ, పోషకాహారం, ప్రజారోగ్యం చదివినవారు కూడా ఈ దారి పడతారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి కేంద్రాలలో ప్రయోగశాల పని ఒకచోట, పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం మరొకచోట ఉండటం కూడా పరిపాటి.

యుజిసి 2022 నియమాల ప్రకారం ఈ చదువుకు కనీస గడువు 3 సంవత్సరాలు, గరిష్ఠ గడువు 6 సంవత్సరాలు. పునర్నమోదుతో మరో 2 సంవత్సరాలు, మహిళలకు అదనంగా ఇంకో 2 సంవత్సరాలు పొడిగింపు దొరుకుతుంది. పరిశోధన పద్ధతులు, ప్రచురణ నీతి బోధించే కోర్సువర్క్‌ను కనీసం 12 క్రెడిట్ల మేరకు పూర్తి చేయాలి. పర్యవేక్షకుని, అంటే గైడుని, మీద భారం మితిమీరకుండా ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 4 మంది అభ్యర్థుల వరకే అనుమతి ఉంది. అభ్యర్థి ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా సంఘం ముందు హాజరై పురోగతిని వివరించాలి.

ఆరోగ్య శాస్త్రాలలో మాత్రం ఈ విద్యాపరమైన అనుమతి ఒక్కటే చాలదు. మనుషులపై జరిగే అధ్యయనానికి సంస్థాగత ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉంటే తప్ప సమాచార సేకరణ మొదలుపెట్టకూడదు. నిజామాబాద్ జిల్లాలో డిచ్‌పల్లి, ఆర్మూర్‌ల నడుమనున్న జక్రాన్‌పల్లి మండలంలో బీడీలు చుట్టే మహిళల ఊపిరితిత్తులపై పరిశోధన తలపెట్టారనుకుంటే, ఈ రెండు అనుమతుల తేడా స్పష్టమవుతుంది. ఆ మహిళలు తంబాకు ధూళిని పీల్చడంతో పాటు కట్టెల పొయ్యి పొగను కూడా పీల్చుతుంటే, ఏ హాని దేనివల్ల కలిగిందో ఎలా విడదీస్తారని సలహా సంఘం అడుగుతుంది. స్పైరోమీటరులో ఊది చూసినప్పుడు లోపం బయటపడిన మహిళను ఏ ఆస్పత్రికి పంపుతారని, పరీక్ష కోసం ఆమె పోగొట్టుకున్న పూట కూలికి ఏమిస్తారని ఎథిక్స్ కమిటీ అడుగుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసిఎంఆర్, 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులు ఉండాలి. అధ్యక్షస్థానంలో సంస్థకు చెందని వ్యక్తి ఉండాలి. వైద్యులతో పాటు న్యాయ నిపుణులు, సామాజిక శాస్త్రవేత్త, సాధారణ పౌరుల ప్రతినిధి కూడా కూర్చోవాలి. సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువురాని మహిళకైతే దానిని చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి సమక్షంలో ఆమె వేలిముద్ర తీసుకుని, సాక్షి సంతకం చేయించాలి. కాదనడానికి, మధ్యలో మానుకోవడానికి ఆమెకు హక్కు ఉందని, దానివల్ల ఆమె వైద్యానికి లోటు రాదని ముందే చెప్పాలి.

పని ముగిశాక సిద్ధాంత గ్రంథానికి ముందుగా నకలు పరీక్ష జరుగుతుంది. యుజిసి 2018 నియమాలలో 10 శాతం వరకు పోలికకు జరిమానా లేదు. తరువాత పర్యవేక్షకునితో పాటు కనీసం ఇద్దరు బయటి నిపుణులు దానిని పరిశీలిస్తారు, వారి నివేదికలు అనుకూలమైతే బహిరంగ మౌఖిక పరీక్ష ఉంటుంది, గ్రంథం ప్రతి శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారానికి చేరుతుంది.

కార్యక్రమ నిర్వహణలో చిక్కంతా ఈ రెండు అనుమతులు కలిసే చోటనే వస్తుంది. కోర్సువర్క్ నడుస్తుండగానే ఎథిక్స్ దరఖాస్తు సిద్ధం చేయించే విభాగంలో అభ్యర్థికి కాలం కలిసివస్తుంది. అన్నీ ఒకదాని తరువాత ఒకటిగా చేయించే చోట గడువు కరిగిపోతుంది. కనుక ప్రవేశం కోరేవారు ర్యాంకుల కంటే ముందు గైడు వద్ద ఇప్పటికే ఎందరున్నారు, ఎథిక్స్ కమిటీ ఎన్నాళ్లకు ఒకసారి కూర్చుంటుంది, పరీక్షల ఖర్చు, గ్రామాలకు వెళ్లివచ్చే ఖర్చు ఎవరు భరిస్తారు అనే మూడు సంగతులు తెలుసుకోవడం మేలు.