అరుగు మీది మాట అచ్చెక్కింది

పాలమూరు ఆడవాళ్ళ నోటి తెలుగును కథగా నిలబెట్టిన పాకాల యశోదారెడ్డి

వీపనగండ్లలో విత్తనాల కాలం. అరుగు మీద చాటలు ముందేసుకుని నలుగురు ఆడవాళ్ళు బుడ్డలు, అంటే పల్లికాయలు, ఒలుస్తున్నారు. వేళ్ళ సందున కాయ టప్పున పగులుతోంది, ముచ్చట సాగుతోంది.

"గా పిల్ల ఎందుకు రాలె?"

"యాడొస్తది? వాళ్ళత్త తోలితే గద!"

రికార్డు చేద్దామని ఫోను తీశాను. పెద్దామె కొంగు సర్దుకుంది, గొంతూ సర్దుకుంది. "అంటే అండీ, ఆ అమ్మాయి రాలేదండీ..." టీవీ తెలుగు వచ్చి కూర్చుంది. ముచ్చట మూగబోయింది.

అలా గొంతు సర్దుకోకుండానే కథ చెప్పవచ్చని యాభై ఏళ్ళ కిందటే చూపించినామె ఈ చుట్టుపట్ల పుట్టిన మనిషే. బిజినేపల్లి ఆమె ఊరు. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా. ఆమె పుట్టింది 1929 ఆగస్టు 8న.

పంతులమ్మ, పల్లె గొంతు

నిజాం రాజ్యంలో బడి అంటే ఎక్కువగా ఉర్దూ బడే. ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పాలని హైదరాబాద్ నారాయణగూడలో నడిచిన మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాలలో యశోదారెడ్డి చదివారు. కోఠి మహిళా కళాశాలలో తెలుగు పాఠం చెప్పారు. తెలుగులో వచ్చిన హరివంశాల మీద పరిశోధించి డాక్టరేటు అందుకున్నారు. వాటిని రాసిన ఎర్రన, నాచన సోమన పద్యాల లోతు తెలిసిన మనిషి కథ రాయడానికి కూర్చుంటే మాత్రం ఊరి అవ్వలా నోరు విప్పేవారు.

1973లో 'మావూరి ముచ్చట్లు' వచ్చింది. అప్పటికి కథల్లో, సినిమాల్లో తెలంగాణ మాట వినపడితే అది ఎక్కువగా పనిమనిషి నోటో, నవ్వించేవాడి నోటో. కథ చెప్పే గొంతు మాత్రం పుస్తకాల తెలుగే. యశోదారెడ్డి ఆ గొంతునే మార్చారు. పాత్రే కాదు, కథకురాలు కూడా ఊరి మాటే మాట్లాడింది. పొలం, పండగ, పెళ్ళి, పంచాయితీ అన్నీ అరుగు మీది ఆడమనిషి కంటితో కనబడ్డాయి. దాదాపు పాతికేళ్ళ తర్వాత 'ఎచ్చమ్మ కథలు' వచ్చాయి. ఊళ్ళో పిలుచుకునే పేరు పుస్తకం అట్ట మీదికెక్కింది.

స్త్రీవాదమనే మాట తెలుగులో జోరందుకున్నది 1980ల్లో. ఆమె ఆ జెండా పట్టలేదు. కానీ ఎవరి మాటకు అచ్చు దక్కాలన్న ప్రశ్న అంతకు ముందే వేశారు. అమెరికాలో జోరా నీల్ హర్‌స్టన్ 1937లోనే నల్లజాతి ఆడవాళ్ళ నోటి ఇంగ్లీషుతో నవల రాస్తే, సొంతవాళ్ళలోనే కొందరు పెదవి విరిచారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివి ఊరి వైపే చెవి పెట్టినవాళ్ళు.

ఇంట్లో రంగులు

భర్త పి.టి. రెడ్డి దేశం ఎరిగిన ఆధునిక చిత్రకారుడు, బొంబాయి జె.జె. స్కూల్లో చదివినవారు. నారాయణగూడలోని 'సుధర్మ' ఆయన బొమ్మల కొలువు. ఆయనకు కొత్తదనం బొంబాయిలో పరిచయమైతే, ఆమెకు అది బిజినేపల్లి నుంచే వచ్చింది.

1990లో ఆమె అధికార భాషా సంఘం అధ్యక్షురాలయ్యారు. యాస అని పక్కన పెట్టిన మాటలతో కథలల్లిన మనిషి, తెలుగు ఎలా ఉండాలో సర్కారుకు చెప్పే కుర్చీలో కూర్చున్నారు. 2007 అక్టోబరు 7న కన్నుమూశారు.

మళ్ళీ అరుగు మీద

ఫోను జేబులో పెట్టి, 'మావూరి ముచ్చట్లు' తీసి ఒక పేజీ పైకి చదివాను. పెద్దామె చేతిలో కాయ ఆగింది.

"గిదెవరు రాసిండ్రు?"

"బిజినేపల్లామెనే, అవ్వా."

"మనామెనా!" చాట పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. "గట్లయితే ఇంగో ముచ్చట సదువు బిడ్డా. ఆ తర్వాత నేనొకటి చెప్త."

ఈసారి 'అండీ' రాలేదు.