స్పిట్‌ఫైర్‌కు హెరాల్డ్ ప్రాణదానం
మూలనపడ్డ కారును కాటాకు వేసే ముందు ఒక్క క్షణం ఆగండి

పాక కింద కోళ్లు కాపురం పెట్టిన కారు. రేకంతా తుప్పు. టైర్లు నేలలో దిగబడ్డాయి. ఒకనాడు ఏ డాక్టరు గారో, ప్లీడరు గారో ముచ్చటపడి కొనుక్కున్న స్టాండర్డ్ హెరాల్డ్ అది. తుక్కు వ్యాపారి వస్తే కిలోల లెక్కన ధర కడతాడు. అయితే ఆ తుక్కులోనే ఒక పేరుమోసిన ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును మళ్లీ రోడ్డెక్కించే సరుకు ఉందని ఎంతమందికి తెలుసు?

ఒకే ఇంటి బిడ్డలు

ట్రయంఫ్ కంపెనీ 1959లో ఇంగ్లండులో హెరాల్డ్ కారును విడుదల చేసింది. దాని రూపం గీసినవాడు ఇటలీకి చెందిన జోవన్నీ మికెలొట్టి. ఆయన చేతి మీదుగానే 1962లో స్పిట్‌ఫైర్ వచ్చింది. ఇద్దరు కూర్చునే పొట్టి కారు, పైకప్పు తీసేయవచ్చు. 1980 వరకు 3 లక్షలకు పైగా తయారయ్యాయి. ఖర్చు తగ్గించడానికి కంపెనీ స్పిట్‌ఫైర్‌లో చాలా భాగాలు హెరాల్డ్‌వే వాడింది.

ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి 1971 వరకు మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ తయారు చేసింది. మన దేశంలో స్పిట్‌ఫైర్లు బహు అరుదు. ఉన్నవాటికి సామాను దొరకడం కష్టం. అందుకే వాటి యజమానుల చూపు మూలనపడ్డ హెరాల్డ్‌ల మీద పడుతుంది. బెజవాడ ఆటోనగర్‌లో ఒక లారీని విప్పి ఇంకో లారీకి వేయడం తెలిసిన జిల్లావాసులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

ఏది పనికొస్తుంది?

స్టీరింగు పెట్టె, ముందు చక్రాలను పట్టే చేతులు, గేర్ బాక్సులోని భాగాలు రెండింటిలోనూ దగ్గర చుట్టాలే. అలాగని కళ్లు మూసుకుని బిగిస్తే కుదరదు. తొలి హెరాల్డ్ ఇంజను 948 సీసీ. తొలి స్పిట్‌ఫైర్ ఇంజను 1147 సీసీ. పిస్టన్ నడిచే దూరం రెండింటిలోనూ 76 మిల్లీమీటర్లే గాని, సిలిండరు వెడల్పు వేరు. కనుక దీని పిస్టన్లు దానికి పట్టవు. వెనుక డిఫరెన్షియల్ పెట్టె చూడ్డానికి ఒకటే. లోపలి పళ్ల లెక్క మాత్రం వేరు. హెరాల్డ్‌ది అమరిస్తే ఇంజను ఎక్కువగా అరుస్తుంది, కారు అంత వేగం అందుకోదు. స్పిట్‌ఫైర్‌కు ముందు చక్రాల వద్ద డిస్క్ బ్రేకులు ఉంటాయి. వాటిని తీసి డ్రమ్ము బ్రేకులు వేయడం ప్రాణంతో చెలగాటమే.

1972లో హెరాల్డ్ స్థానంలో మద్రాసు కంపెనీయే తెచ్చిన గెజెల్ కారు నుంచి ఇంజను సామాను దొరుకుతుంది. కాని దాని వెనుక ఇరుసు ఒకే కడ్డీగా ఉంటుంది. స్పిట్‌ఫైర్‌లో రెండు చక్రాలూ విడివిడిగా ఊగుతాయి. కనుక ఆ ఇరుసు దీనికి రాదు.

నూనె పోయాలి, గ్రీజు కాదు

ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగున కంచు దిమ్మ ఉంటుంది. కడ్డీ అందులో మరలాగా తిరుగుతుంది. ఇక్కడ గేరు నూనె పోయాలి. గ్రీజు కూరితే లోపలి మరలకు అందదు. తేమ చేరి తుప్పు పడుతుంది. చివరకు కడ్డీ విరిగి చక్రం మడతపడుతుంది. ఏళ్ల తరబడి కదలని కారు నుంచి ఈ భాగం తీసుకునేవారు విప్పి, మరలు పరీక్షించాకే బిగించాలి.

రేకు పనిలో మరో గండం ఉంది. హెరాల్డ్ బరువును చాసీ మోస్తుంది. స్పిట్‌ఫైర్‌లో తలుపుల కింద ఉండే పెట్టెలాంటి రేకులు కూడా బరువు మోస్తాయి. వాటికి తుప్పు పట్టిందని ఒక్కసారిగా కోసేస్తే బాడీ నడుము వంగుతుంది. ఆ తర్వాత తలుపులు పడవు. ముందుగా తలుపు సందులో ఇనుప కడ్డీలు అడ్డం పెట్టి వెల్డింగు చేయాలి. అప్పుడే కొయ్యాలి.

అవయవాలే, పేరు కాదు

దాత కారు అవయవాలు ఇస్తుంది. దాని నంబరు ఇవ్వరాదు. చాసీ నంబరు చెరిపి వేరేది కొట్టడం నేరం. ఇంజను మారిస్తే రవాణా శాఖ అనుమతి పొంది ఆర్.సి.లో రాయించుకోవాలి. కారును పూర్తిగా విప్పేసిన యజమాని 14 రోజుల్లోగా ఆ సంగతి రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం చెబుతోంది. లేకపోతే ఆ కాగితాలు దొంగ బండికి ముసుగు కావచ్చు.

2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన కార్లకు 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. అయితే చాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసిన బండి దీనికి తగదు. అంటే అతి ఆశకు పోయి సగం హెరాల్డ్, సగం స్పిట్‌ఫైర్ చేసుకున్నవాడికి రెండూ దక్కవు.

ఇక్కడే అసలు మాట ఉంది. హెరాల్డ్ తయారీ 1971తో ఆగింది. కనుక మద్రాసులో పుట్టిన ప్రతి హెరాల్డూ ఇప్పుడు యాభై దాటిన పెద్దదే. స్పిట్‌ఫైర్‌కు వర్తించే గౌరవం దానికీ వర్తిస్తుంది. చాసీ కుళ్లి, బాగుచేయడానికి వీల్లేని కారును విప్పితే అది దానం. తాళం తిప్పితే లేచే కారును విప్పితే అది హత్య.

పాక కింద ఉన్నది ఏ రకమో తేల్చుకోవడం కష్టం కాదు. కోళ్లను తోలి, కింద పడుకుని, చాసీని సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే తుక్కు వ్యాపారిని వెనక్కు పంపవచ్చు. రేకు పొట్టులా రాలితేనే పానాలు బయటికి తీయాలి.