తెల్ల పొగ వస్తే ఇంజన్ విప్పాల్సిందేనా?

మనలో చాలామంది ఇండ్లలో ట్రాక్టరో, ఆటోనో, కిరాయి కారో ఉంటుంది. సొంతం కాకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు డ్రైవరుగా పని చేస్తుంటారు. అందుకే ఈసారి సంచికలో చదువులు, ఉద్యోగాల సంగతి పక్కన పెట్టి, సైలెన్సర్ నుండి వచ్చే తెల్ల పొగ గురించి రాస్తున్నాము. ఆ పొగతో మా ఇల్లు రెండుసార్లు నష్టపోయింది.

మా బాపు పోచంపాడ్ చౌరస్తాలో పాత డీజిల్ కారు కిరాయికి నడిపేవాడు. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తిన రోజుల్లో గిరాకీ బాగుండేది. మేము ఇంటర్ చదివేటప్పుడు ఒక డిసెంబరు పొద్దున బండి తెల్లగా పొగ వదిలింది. ఒక మెకానిక్ చూసి "ఇంజన్ విప్పాలె" అన్నాడు. మిత్తికి తెచ్చిన పైసలన్నీ అందులో పోయాయి. బండి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున మళ్లీ అదే పొగ! పది నిమిషాలకు దానంతటదే పోయింది.

అది పొగ కాదు, ఆవిరి. ఇంధనంలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోలు గానీ డీజిల్ గానీ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. డిగ్రీలో ఈ లెక్క చేసినప్పుడు మాకే నమ్మబుద్ధి కాలేదు. వేడిగా ఉంటే ఆ ఆవిరి కంటికి కనబడదు. చలికి సన్నని బొట్లుగా మారి తెల్లగా కనబడుతుంది. సైలెన్సర్ వేడెక్కగానే ఆగిపోతుంది, దానికి వాసన కూడా ఉండదు. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా అక్కడ బాయిలర్లలో కాల్చింది చెరుకు పిప్పినే. పిప్పిలో సగం దాకా నీరే ఉంటుంది కాబట్టి పొగగొట్టం నుండి ఆవిరి కూడా వెళ్లేది.

రెండోది కాలని డీజిల్. పచ్చి డీజిల్ వాసన వస్తుంది, కండ్లు మండుతాయి, ఇంజన్ కొట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడే వచ్చి తర్వాత తగ్గితే హీటర్ ప్లగ్గులు చూడాలి. వేడెక్కినా తగ్గకపోతే నాజిళ్లు, పంపు టైమింగ్, చివరికి కంప్రెషన్ చూడాలి. పొగలో నీలం ఛాయ ఉంటే అది ఇంజనాయిల్ కాలుతున్న పొగ, దాని కథ వేరు.

మూడోదే ప్రమాదం. హెడ్ గ్యాస్కెట్ పోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగి ఆవిరవుతాయి. బండి వేడెక్కినా దట్టమైన తెల్ల పొగ ఆగదు. పుస్తకాల్లో తియ్యటి వాసన వస్తుందని రాస్తారు గానీ, అది కూలెంట్ వాసన. మన దగ్గర చాలామంది బోరునీళ్లే పోస్తారు, ఇక వాసన ఎక్కడిది? కాబట్టి ముక్కును కాదు, నీళ్ల మట్టాన్ని నమ్మండి. బయట ఎక్కడా కారకుండా నీళ్లు తగ్గుతున్నాయా? ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన చాయ్ రంగు ఉందా? వీటిలో ఏది కనబడినా బండి నడపకూడదు. వేడి మీద మాత్రం మూత జోలికి పోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

రెండేండ్ల తర్వాత మే నెలలో మా బండి మళ్లీ తెల్ల పొగ వదిలింది. "అప్పుడు గిట్లనే ఆగం జేసిండ్రు, ఏం గాదు" అని బాపు పెండ్లి కిరాయికి బోధన్ పోయాడు. మే నెల ఎండలో చలి ఆవిరి ఎక్కడిది? ఈ ప్రశ్న కెమిస్ట్రీ చదువుతున్న మాకు కూడా తట్టలేదు. తిరుగు దారిలో ముల్లు ఎర్రగీత దాటి ఇంజన్ ఆగిపోయింది. హెడ్ వంగి పగిలింది. రిపేరు ఖర్చు బండి ధరను మించింది, తుక్కు కింద అమ్మేశాము.

ఇప్పుడు బాపు వేరేవాళ్ల కారు నడుపుతున్నాడు. పొద్దున బండి తీసే ముందు నీళ్ల మట్టం చూసి, గోడమీద సుద్దతో గీత గీస్తాడు.